ఒకే గంగాళంలో తిన్న పిల్లులు

నెవెంకా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. రేవు పిల్లులకు అంటుజబ్బు వచ్చింది. వల దులిపాక అన్నిటికీ ఒకే గంగాళంలో చేపపేగులు పెట్టడం మన అలవాటు కదా, అలాగే పెట్టాను. ఏడు చచ్చాయి. తప్పు నాదే. వాటితోపాటు తిన్న మన మసిపిల్లి రెండు రోజులు పడకేసి లేచింది.

పశువుల డాక్టరమ్మ, "తాతా, జబ్బుపడ్డ రోజు తీసిన రక్తంలో పాత టీకా ఆనవాళ్లే లేవు. ఒంట్లో కణాలు మాత్రం మరిచిపోలేదు, అవే జబ్బును చంపేశాయి" అంది. "నాకంటే వాటికే జ్ఞాపకమెక్కువన్నమాట" అన్నాను. ఆ టీకా నువ్వు నాతో పోట్లాడి వేయించిందే. నువ్వే గెలిచావు.

రేవు బోసిపోయింది. అల్లుడి నడుంనొప్పి తగ్గిందా? నాకోసం అల్లిన మేజోళ్లు పోస్టులో పంపొద్దు. మసిపిల్లికి మిగతా జబ్బుల టీకా మళ్లీ వెయ్యాలట. డాక్టరమ్మను గీరేసింది. నువ్వు పట్టుకుంటేనే కదలకుండా ఉంటుంది. శనివారం పడవకు రా.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ నాన్న, బార్తుల్