నాన్న బ్లాకు చుట్టుకొలత

అక్కకు తమ్ముడు నమస్కరించి రాయునది,

ఫోన్లో అయితే మూడో నిమిషానికి పోట్లాట మొదలవుతుంది కాబట్టి ఉత్తరమే నయం. పని మీదే రాస్తున్నాను, ఇంకోలా అనుకోకు. నా కారుకి టర్బో పెడుతున్నాను. అది ఇంజిన్లోకి గాలిని బలవంతంగా కూరుతుంది. ఆ ఒత్తిడికి సిలిండర్ గోడలు తట్టుకోవాలి. ఇక్కడి దుకాణంలో ఆ సిలిండర్లుండే అల్యూమినియం ఇంజిన్ బ్లాకు ఉంది, తేలిక, కానీ నాకు నమ్మకం చాలడం లేదు. నాన్న షెడ్డులోని పోతఇనుప బ్లాకు ఇంకా ఉందా, లేక లేత్ మిషన్‌తో పాటు దాన్నీ అమ్మేశావా? ఉంటే బోర్ ఎంతో కొలిచి రాయి. లారీ పంపిస్తాను. నేను రానక్కరలేదు.

ఇట్లు,
తమ్ముడు

తా.క. షెడ్డు తలుపు ఇప్పటికీ పైకెత్తి నెడితేనే తెరుచుకుంటుందా? ఊరికే అడిగాను.

*

పనుంటేనే అక్క గుర్తొచ్చే తమ్ముడికి దీవెనలు,

నాలుగేళ్ళకి నీ చేతిరాత చూశాను. ఇంకా కోడి గెలికినట్టే ఉంది. లేత్ అమ్మింది కుట్టుమిషన్ల కోసమని నీకు వందసార్లు చెప్పాను. షెడ్డు ఇప్పుడు నా కుట్టుకొట్టు. బ్లాకు ఎక్కడికీ పోలేదు, దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టుకుంటున్నాను. నువ్వడిగినట్టే టేపు పెట్టి కొలిచాను. నాలుగు బొక్కలూ ఒకటే కొలత, ఇరవై ఏడు సెంటీమీటర్లు. లారీ ఎందుకు, నువ్వే రావచ్చుగా.

ఉంటాను,
అక్క

తా.క. తలుపు అలాగే ఉంది. నువ్వెళ్ళాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

*

అక్కా,

ఇరవై ఏడు సెంటీమీటర్లంటే అందులో పిస్టన్ కాదు, నా తల పడుతుంది. అది కారు ఇంజినా, ఓడ ఇంజినా? చొక్కాకి ఛాతీ కొలిచినట్టు చుట్టూ కొలిచి ఉంటావు. బోర్ అంటే అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి. మళ్ళీ కొలువు. పగులేమైనా ఉందేమో కూడా చూడు. ఉంటే టర్బోకి పనికిరాదు.

నీ విసిగిపోయిన
తమ్ముడు

తా.క. నువ్వు కుట్టిన నీలం చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. ఇక్కడి దర్జీ వేసిన అతుకు నాకు నచ్చలేదు.

*

నాకే కొలతలు నేర్పుతున్న మహానుభావుడికి,

అడ్డంగా అన్నావు కదా, ఈ అంచు నుంచి ఆ అంచుకి బ్లాకు మొత్తం కొలిచాను. నలభై ఆరు. ఇంకో సంగతి, రెండో బొక్కకీ మూడో బొక్కకీ మధ్య సన్నగా ఒక గీత ఉంది. అదేమిటో నేను చెప్పలేను. తెలిసినవాళ్ళు వచ్చి చూసుకోవాలి.

అక్క

తా.క. చొక్కా పోస్టులో పంపకు. మనిషిని చూడందే నేను కత్తెర పట్టుకోను.

*

అక్కా,

అక్కడ గీతంటే పగులే. ఇక దాని పని అయిపోయింది. శనివారం వెళ్ళి అల్యూమినియం బ్లాకు కొనేస్తాను. నాన్న బ్లాకుని పాత ఇనుము వాళ్ళకి ఇచ్చెయ్యి. నీకు శ్రమ ఇచ్చాను, ఏమీ అనుకోకు. ఇక ఉత్తరాలతో విసిగించను.

తమ్ముడు

తా.క. చిన్నప్పుడు నన్ను ఆ బ్లాకు మీద కూర్చోబెట్టి అన్నం తినిపించింది నాన్నా, నువ్వా?

*

ఒరేయ్,

అల్యూమినియం కొనకు. అది పగులు కాదు, నా సుద్దగీత. ఏది కొలిచినా చివర గీత గీయడం నా చేతికి అలవాటు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. తెలిసే అలా రాశాను. పగులేమో అనుకుంటే పరిగెత్తుకొస్తావనుకున్నాను కానీ వదిలేస్తావనుకోలేదు. నాన్న పక్కన పదేళ్ళు బోర్ కొలిచే గేజ్ పట్టుకుని నిలబడ్డదాన్ని, బోరంటే నాకు తెలియదా? సరైన కొలత చెబితే లారీ వస్తుంది. లారీతో నేనేం మాట్లాడను? నిన్ను చూసి నాలుగేళ్ళయింది. బెంగగా ఉంది రా.

సరే, ఓడిపోయాను. సొరుగులోంచి నాన్న బోర్ గేజ్ తీసి నిన్న సరిగ్గా కొలిచాను. నాలుగూ ఎనభై ఆరు మిల్లీమీటర్లు. లారీ పంపించుకో.

అక్క

తా.క. తినిపించింది నేనే. నాన్న చేతులకి ఎప్పుడూ గ్రీజే కదా.

*

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి శనివారం దాటిపోయింది. దుకాణం దాకా వెళ్ళాను. ఆ బ్లాకుని తట్టి చూసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చాను.

ఒక్క అనుమానం. నాన్న బోర్ గేజ్ సొరుగులో ఎలా ఉంటుంది? నీ మీద కోపంతో ఇల్లు వదిలిన రోజు నేనే ఎత్తుకొచ్చాను. ఇదిగో, నా ముందే ఉంది. దాని పెట్టె మూత లోపల మన ఇనుప బ్లాకు కొలత నాన్న చేతిరాతతో ఉంది, ఎనభై ఆరు. నీ చుట్టుకొలత ఇరవై ఏడుని లెక్క కట్టినా అదే వచ్చింది, గేజ్ లేకుండా నువ్వూ అలాగే కట్టి ఉంటావు. అసలు మూత మీది అంకె చూసి, మొదటి ఉత్తరం రాసేటప్పటికే నాకు బోర్ తెలుసు. నాలుగేళ్ళ తర్వాత అక్కకి ఉత్తరం రాయాలంటే ఏదో ఒకటి అడగాలి కదా.

ఇనుప బ్లాకే ఖాయం. లారీ రాదు. గేజ్ తిరిగివ్వడానికి గురువారం నేనే వస్తున్నాను.

నీ
తమ్ముడు

తా.క. చిరిగిన చొక్కా వేసుకునే వస్తాను. టేపు దగ్గర పెట్టుకో.