వదినను కారులో సూర్యాపేటకు తీసుకుపోతున్నాను

అన్నా,

కోదాడ నుంచి కారు మిస్త్రీని తీసుకొస్తే మజ్జిగ ఇచ్చి పంపెయ్యి. నువ్వు అన్నం తిను, మేకలకు నీళ్లు పెట్టు. ముట్టుకోవద్దన్న కారులోనే వదినను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతున్నాను.

మధ్యాహ్నానికి నొప్పులు ఎక్కువయ్యాయి. "బిడ్డ అడ్డం తిరిగింది, నా చేత గాదు, జల్ది తీస్కపోండ్రి" అంది మంత్రసాని భద్రమ్మ. ఎడ్లబండి మీద పోతే తెల్లారుతుంది.

ఇంజను కాలిపోయిందన్నావు. ఏం కాలేదు. పొద్దున నువ్వు అటు పోగానే రేడియేటరులో నీళ్లు నిండా పోసి, గొట్టాలన్నీ పొడిగా తుడిచి, ఇంజను నడిపించి చూశాను. వేడెక్కగానే కింది రబ్బరు గొట్టానికి ఉన్న పగులు విచ్చుకుని నీళ్లు కారాయి. పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాను. కారు వెనక కోసి బస్తాల బండి చేసినప్పుడు, ఎడ్ల కొమ్ములు తగలకుండా ముందు రేకు బిగించావు చూడు, అదే గాలిని ఆపుతోంది. పీకేశాను. అనంతగిరి పొలిమేర దాకా పోయి వచ్చాను, నీళ్లు మరగలేదు. దారిలో పోయడానికి రెండు కడవలు నింపి పెట్టుకున్నాను.

"ఆడపిల్లకు ఇంజను సంగతేం తెలుస్తది" అని నవ్వావు. మూడేళ్లు నీ పక్కన కళ్లు మూసుకుని కూర్చోలేదు. వచ్చాక తిట్టు, పడతాను. కారును మాత్రం ఇక నేనూ నడుపుతాను.

మార్త

వెనక గడ్డి మీద పడుకుని వదిన "మీ అన్నకు రాయకు, బుగులు పడ్తడు" అంటోంది. రాశాను. బుగులు పడు, సైకిలెక్కి జల్ది రా.