బ్యాటరీలు నీ చేత్తోనే తీసుకురా

మార్కాపురం,
మార్చి 1947

చిరంజీవి నరసింహాన్ని అవ్వ దీవించి వ్రాయడమేమంటే,

నువ్వు మద్రాసు నుండి పంపిన చెవి మిషను బ్యాటరీలను మీ నాయన పాడుచేశాడు. బలం తగ్గిందని మిద్దె మీద మిరపకాయల పక్కన ఎండబెట్టాడు. వద్దన్నాను. "టార్చిలైటు సెల్లు ఎండబెడితే వెలగలేదా ఏంది? ఇదీ అట్లనేలేమ్మా" అన్నాడు. సాయంత్రానికి అవి ఉబ్బాయి, పైనున్న లక్క కరిగి కారిపోయింది.

మరునాడు కంభం నుండి పెండ్లివారు వచ్చి, ఇంటి పెద్దనని నన్ను అడిగారు. ఏమడిగారో నాకు వినపడలేదు. నేను నోరు తెరిచేలోపలే మీ నాయన "అమ్మ సరేనన్నది" అని తాంబూలం అందుకున్నాడు. తరువాత మీ చెల్లెలు సుబ్బరత్నమ్మ ఆ మాటలన్నీ పలక మీద వ్రాసి చూపి, కింద ఇట్లా వ్రాసింది: "నాకీ సంబంధం వద్దవ్వా. నాయనకు చెప్పినా వినలేదు."

లగ్నం పెట్టుకోవడానికి శుక్రవారం వాళ్లు మళ్లీ వస్తారు. మిషను లేకుండా కాదంటే, "ముసలిదానికి వినపడలేదు, అడిగింది వేరనుకున్నది" అని మీ నాయన సర్దేస్తాడు.

పెద్ద బ్యాటరీ, చిన్నది రెండూ కావాలి. ముందు పంపిన రకమే అడుగు, అట్ట మీద తేదీ చూసి కొత్తవే కొను. రైలులో ఎండ తగలనీయకు. పార్సిలు చేస్తే అది మీ నాయన చేతికే చేరుతుంది, కాబట్టి నువ్వే తీసుకురా.

వాళ్లు చెప్పేదంతా విని, సుబ్బరత్నమ్మను పక్కన నిలబెట్టుకుని, ఆ తాంబూలం నా చేతులతోనే తిరిగి ఇస్తాను.

మీ అవ్వ