నలభైలోనా, అరవైలోనా

సెప్టెంబరు 11, తెనాలి

మా చెల్లెలు సారా వేలికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. పసుపు అద్దుకుని పులుసు కాచింది. మూడోనాటికి జ్వరం, వణుకు, మాట తడబాటు. బీపీ అందడం లేదని రేపల్లె నుంచి ఇక్కడికి పంపారు. సెప్సిస్ అట. పుండు వేలిది, విషం ఒళ్ళంతా. ఐసీయూ డాక్టరు కృష్ణచైతన్యది మా మనవడి ఈడు. రక్తంలో లాక్టేట్ ఆరు అన్నాడు. పాస్ మార్కు ఎంతని అడిగాను. రెండు లోపుండాలట. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పాను. మార్కులు తగ్గితే పాసయ్యే పరీక్ష ఇప్పుడే చూడడం.

సెప్టెంబరు 12

సారా కొడుకు అజయ్ బాబు బాపట్ల నుంచి వచ్చాడు. ఈ వయసు, ఇలాంటి రక్తపరీక్షలు ఉన్న వందమందిలో నలభైమంది దక్కరని డాక్టరు చెప్పాడు. అజయ్‌కి నలభై ఒక్కటే వినబడింది. ఊపిరుండగానే ఇంటికి చేర్చాలన్నాడు. మావాళ్ళలో అదొక పట్టింపు. పోయేవాళ్ళను చుట్టూ చేరి పాటలు పాడుతూ సాగనంపాలి. అంబులెన్స్ కూడా మాట్లాడేశాడు.

"ఆ నలభైలో మా సారా ఉందో లేదో మీ పరీక్ష చెప్పిందా?" అని డాక్టరును అడిగాను.

"లేదండి మామ్మగారూ. అది ఏ పరీక్షా చెప్పదు. రేపు మళ్ళీ చేస్తే ఎటు పోతోందో తెలుస్తుంది."

అంబులెన్స్ వెనక్కి పంపేశాను. మా అమ్మ, నా ఇష్టం అన్నాడు అజయ్. నువ్వు పుట్టకముందే నాకు చెల్లెలురా అన్నాను. అలిగి వెళ్ళి టీ తాగొచ్చాడు. నాకు తేలేదు.

సెప్టెంబరు 13

లాక్టేట్ నాలుగుకి దిగింది.

రేపల్లె నుంచి మా చర్చి స్త్రీల సమాజం ఫ్లోరెన్స్ ఫోను. కౌంట్ పెరగాలని పొద్దుట్నుంచి అందరూ ఉపవాస ప్రార్థనలో ఉన్నారట. డెంగ్యూ పుణ్యమా అని మా వైపు కౌంట్ అంటే ప్లేట్‌లెట్లే, పెరగడమే. ఇది తగ్గాలమ్మా అన్నాను. ఇప్పుడెలాగండీ అని కంగారుపడింది. దేవుడికి లెక్కలు వచ్చులే, సరిదిద్దుకుంటాడు అన్నాను.

సెప్టెంబరు 14

కుర్చీలోనే నిద్ర. నడుము నాది కాదు.

సెప్టెంబరు 15

లాక్టేట్ రెండు. ఇన్ఫెక్షన్ ఎంతుందో చెప్పేది ఇంకోటుంది, ప్రొకాల్సిటోనిన్. అదీ సగానికి పడిందట. డాక్టరు మొదటిసారి నవ్వాడు. అజయ్ నా వంక చూడగలిగాడు.

సారా కళ్ళు తెరిచింది.

"ఇంటికి తీసుకుపో అక్కా."

అంకెలు బాగున్నాయి, ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అన్నాను. మొహం అటు తిప్పుకుంది. అలకలో కొడుకుది అమ్మ పోలికే.

సెప్టెంబరు 16

తెల్లవారుతుండగా గుండె ఆగింది. లోపల మిషన్లు, గ్లౌజులు, పరుగులు. మమ్మల్ని తలుపు బయట నిలబెట్టారు. ఒక్క చరణం పాడలేదు ఎవరూ. అంకెలు దిగుతూనే ఉన్నాయండి అన్నాడు డాక్టరు, నాకు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. అజయ్ నన్ను నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

అదే రోజు, మధ్యాహ్నం

సారాతో రేపల్లె దారిలో వేమూరు దాటాం. ఫోన్ మోగింది. ల్యాబ్ అమ్మాయి. నిన్న తీసిన రక్తం రిపోర్ట్ వచ్చిందట, బాగా తగ్గిందండి అంది.

సంతోషం తల్లీ, అన్నాను.