ద్రాక్షగుత్తుల గాజు పళ్లెం

ఆదిలాబాద్, 9-4-1979

అవ్వకు బిడ్డ దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం, ఫికర్ చెయ్యకు.

నిన్న ఇంజనీరు గారింటికి పేరంటానికి వెళ్తే, ఆకువక్కలు ద్రాక్షగుత్తుల అచ్చున్న గాజు పళ్లెంలో పెట్టి తెచ్చారు. ఎత్తి చూస్తే అడుగున నేను ఎర్రరంగుతో రాసుకున్న తొమ్మిదో నంబరు! పదేళ్లు అంగళ్లన్నీ తిరిగి ఏరుకొచ్చి, నీ సందుగలో దాచిపెట్టిన పన్నెండు పళ్లేలలో ఒకటి. "మేం హుస్నాబాద్‌ల ఉన్నప్పుడు మీ తమ్ముడు బాలకిషన్‌రావు గారు అరిసెలు పెట్టి పంపిన్రు. పళ్లెం గూడ ఉంచుకోమన్నరు" అన్నది ఇంటావిడ.

మరి అది బుచ్చవ్వ చేతిలో పగిలిందని తమ్ముడు నీకెట్లా చెప్పాడు? ఇరవై ఏళ్లు మనింట్లో అంట్లు తోమిన మనిషిని ఆ మాట పట్టుకునే కదా వెళ్లగొట్టావు! పగిలిన పెంకు ఒక్కటన్నా చూపించమని అడిగావా?

మిగతా పదకొండూ గడ్డిలో చుట్టి, ఎవరన్నా ఇటు వస్తే పంపు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా?

తమ్ముడూ, అవ్వకు ఈ కార్డు చదివి వినిపించేది నువ్వే. ఒక్క ముక్క మింగినా పోస్టుమాన్ చెప్తాడు, ఆయన చదవనిదే కార్డు ఇవ్వడు. ఇప్పుడు వెళ్లి బుచ్చవ్వను పిలుచుకొచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, మళ్లీ మొదటి నుంచి చదువు.

దీవెనలతో,
అక్క విమల