నువ్వు పంపిన పలక

శక్తికుళంగర,
ఆగస్టు 11.

ప్రియమైన లాసరన్నయ్యకు,

యేసయ్యకు స్తుతి. నువ్వూ వదినా వేరావల్‌లో ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అమ్మ బాగుంది, నేను బాగున్నాను. ఇదివరకైతే 'అందరం క్షేమం' అని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. అమ్మ మోకాలికి నువ్వు పంపిన నూనె బాగానే పనిచేసింది. పొద్దున పూజకు చర్చి దాకా నడిచే వెళ్తోంది. దారి పొడుగునా నన్ను తిడుతూనే నడుస్తోంది కాబట్టి ఊపిరికి కూడా లోటు లేదు. నేను మత్తి చేపల పులుసు వండితే, "ఇది పులుసటే? చేపలకు స్నానం చేయించినట్టుంది!" అంటుంది. వదినకు నెలలు నిండేసరికి రైలెక్కి వచ్చేస్తానంటోంది. ఇకముందు వస్తుందో రాదో నాకు తెలియదు, ఎందుకో కింద రాస్తాను.

నీ దగ్గర పడవ కొన్న గ్లాడ్విన్ సంగతి అడిగావు. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. హార్బరు రాళ్ల దగ్గర అల మామూలుగానే తగిలిందట. పడవ ముక్కు దగ్గర నిలువునా చీలిపోయింది. చీలిన పడవకూ రాతికీ మధ్య కాలు ఇరుక్కుంది. మిగతా ఇద్దరూ ఈదుకుంటూ వచ్చి అతన్ని లాగారు. ప్రాణం దక్కింది, అంతవరకు నయం.

"గ్లాడ్విన్ నా మీద కోపంగా ఉన్నాడా?" అని రాశావు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను అన్నయ్యా. పడవ ఎలా విరిగిందని ఒక్కచోటైనా అడుగుతావేమోనని వెతికాను. ఇరవై ఏళ్లుగా పడవలు చేస్తున్నవాడివి, నువ్వు చేసిన పడవ చీలితే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే కదా?

ఆసుపత్రి వరండాలో గ్లాడ్విన్ భార్య ఫిలోమినా నన్ను చూసి అరవలేదు, ఏడవలేదు. "జసింతా, ఈయన నీండకర పడవల యార్డులో కొంటానన్నాడు. మన లాసర్ దగ్గరే కొను, పరీక్ష కాగితం మీద మన జసింత సంతకం ఉంటుంది కదా అని నేనే పోరుపెట్టాను," అంది. నేను ఫ్లాస్కు పట్టుకుని టీ తేవడానికి వెళ్లాను.

మర్నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క ఒకటి గోనెసంచిలో చుట్టుకుని కొచ్చిలో పడవల గట్టితనం పరీక్షించే మా ల్యాబుకు తీసుకెళ్లాను. వేలెడు వెడల్పున పట్టీలు కోసి లాగే మిషనుకు బిగించాను. మంచి ఫైబర్ పట్టీ లాగుతుంటే ముందు తెల్లబారుతుంది, చాలాసేపు చిటపటలాడుతుంది, ఆ తరువాతే తెగుతుంది. పడవకు నమూనా అని నువ్వు పరీక్షకు పంపిన పలకలోని పట్టీలు రెండున్నర టన్నుల దాకా ఆగాయి. ఆ రోజు ఎంత గర్వపడ్డానో నీకు తెలుసు, ఫోన్ చేసి మరీ చెప్పాను. గ్లాడ్విన్ పడవ పట్టీ టన్నుకు కూడా ఆగలేదు. చిటపట లేదు, ఏమీ లేదు, బిస్కెట్టులా ఠక్కున విరిగింది. అయిదు పట్టీలూ అంతే.

మిగిలిన ముక్కను కొలిమిలో పెట్టి కాల్చాను. గాజుపోగుల పొరలను అంటించే రెసిన్ అంతా కాలిపోతే గాజు మిగులుతుంది, పొరలు విడదీసి లెక్కపెట్టవచ్చు. నీ పలకలో అయిదు పొరలు. ఈ పడవలో మూడే. మందం సరిపోవడానికి రెసిన్‌లో కలిపిన సుద్దపొడి గిన్నె అడుగున చారెడు మిగిలింది.

నా తప్పు దాచుకోను. పడవలోంచి కోసిన ముక్కనే పరీక్షకు తీసుకోవాలి, విడిగా పోసిన పలక తీసుకోకూడదని ల్యాబులో మా బాలకృష్ణన్ సారు మొదటి రోజే చెప్పారు. నేను ఆ మాటే అంటే నువ్వేమన్నావు? "ఒసేయ్ పిచ్చిదానా, ఫాదర్ వచ్చి తీర్థం చల్లకముందే కొత్త పడవకు చిల్లు పెడతారటే? నాన్న ఉంటే నీ చెయ్యి విరగ్గొట్టేవాడు!" నేను నవ్వి ఊరుకున్నాను. నాన్న కూడా పలకే పోసేవాడు కదా. పడవ పోసిన రోజే, అదే బకెట్టు, అదే చేతులు. ఆ నమ్మకంతోనే ఏడు పడవలకు సంతకం పెట్టాను. నాన్న పేరు చెప్పి నన్ను మోసం చేశావు. నాకు అన్నిటికన్నా మంట అక్కడే.

మొన్న ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు నిలబడి మిగతా ఆరు పడవల నంబర్లూ చదివి, నీళ్లలో దించొద్దని చెప్పాను. కరికాడి రొయ్య పడే ఈ రోజుల్లో ఆరూ ఇసుకలోనే ఉన్నాయి. సాలస్ చిన్నాన్న, "తప్పు కాగితం రాసినప్పుడు రాని నోరు ఇప్పుడొచ్చిందా?" అని అందరి ముందూ అడిగాడు. పడాల్సిన మాటే, పడ్డాను. సోమవారం ఫిషరీస్ ఆఫీసులో వాంగ్మూలం రాసిచ్చాను. అందులో మొదటి పేరు నాది, రెండోది నీది.

వేరావల్ వెళ్లాక చేసిన తొమ్మిది పడవల కోసమని నువ్వు పంపిన కొత్త పలక చేరింది. పార్సెల్ విప్పకుండా తిప్పి పంపుతున్నాను. అక్కడి ఫిషరీస్ ఆఫీసుకు కూడా రాశాను. వాళ్లు వచ్చి ప్రతి పడవలోంచీ ముక్క కోస్తారు. అంతవరకు ఒక్కటి కూడా నీళ్లలో దించకు.

ఇక అసలు సంగతి. ఇంత రాసినా ఇది రాయడానికే భయంగా ఉంది. సుద్ద కలిపిన రెసిన్ ఎవడో నీకు అంటగట్టాడేమో, పనివాళ్లు పొరలు మింగేశారేమో, నువ్వూ నాలాగే మోసపోయావేమో అని నాకొక ఆశ ఉండేది. తేల్చుకోవడానికి ఒకటే దారి కనబడింది. మన ఇంటి పడవ కూడా అదే అచ్చులో, అదే వారంలో పోశావు కదా. నిన్న మధ్యాహ్నం దాన్ని బోర్లించి కోసే మిషను పట్టుకుని కూర్చున్నాను. అమ్మ పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, తీర్థం పడిన పడవే అది! ఏం చేస్తున్నావే?"

చెప్పాను. ఇందులోనూ మూడే ఉంటే అన్నయ్యకు తెలియకుండా జరిగిందే, వాడి తప్పు లేదమ్మా అన్నాను. అమ్మ ఇసుకలో చతికిలబడి, కొంగుతో పడవ మీది ఇసుక తుడిచింది. తరువాత, "కొయ్యి," అంది. నేను కోస్తున్నంతసేపూ జపమాల తిప్పుతూనే ఉంది. కొడుకు కూటికి లోటు రాకూడదని రోజూ మొక్కుకునే అమ్మ, పడవలో మూడు పొరలే ఉండాలని దేవుణ్ణి వేడుకుంది అన్నయ్యా.

రాత్రి రైలుకు ల్యాబుకు తీసుకెళ్లి ఇవాళ పొద్దున కాల్చాను. గ్లాడ్విన్ పడవ పొరలు ఆఫీసువాళ్ల దగ్గర ఉన్నాయి. మన పడవవి ఈ కవర్లో పెట్టాను. వేళ్లకు గుచ్చుకుంటాయి, చూసి తియ్యి. సుద్ద లేదు, తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అయిదూ ఉన్నాయి.

ఇట్లు,
నీ చెల్లెలు
జసింత