తలలేని శిల్పానికి కొత్త తల

అల్లుడుగారికి మామ దీవించి రాసేది.

భోజనాల దగ్గర మీ ఎదుట నాకు నోరు పెగలదు, అందుకే ఈ ఉత్తరం. మీ మ్యూజియంలో ఉన్న, వందల ఏళ్ళ కిందటే తల పోయిన ఆడమనిషి శిల్పానికి మొన్న సిమెంటు తల పెట్టించారు. టిక్కెట్టు కొన్నవాళ్ళు తల ఏదని నిలదీస్తున్నారని పెట్టించారట. పెట్టిన ముఖం అచ్చం మీ కమిటీ అధ్యక్షురాలిదే. కళ్ళజోడు ఒక్కటే తక్కువ.

"తాతగారూ, ఇప్పుడు నిండుగా ఉంది కదా?" అన్నాడు కాపలా అతను.

"నిండుగానే ఉంది బాబూ, నాకే చోటు లేదు" అన్నాను.

పాత శిల్పాల పిచ్చి నాకు వయసులోనే పట్టుకుంది. "ఆ రాళ్ళను చూసినట్టు నన్నెప్పుడైనా చూశారా?" అని మీ అత్తగారు దెప్పేది. నడుం మీద చెయ్యి వేసుకుని ఆ శిల్పం నిలబడ్డ తీరంతా ఆవిడదే. ఆవిడ పోయాక రోజూ ఎదుటి బెంచీ మీద కూర్చుని, లేని తల చోట ఆవిడ ముఖం పెట్టుకుని చూసుకునేవాణ్ణి. ఇప్పుడు అక్కడినుంచి అధ్యక్షురాలు నన్ను చూస్తున్నారు.

తల తీయించమంటే మీ ఉద్యోగానికి ముప్పు. నా బెంచీని శిల్పం వెనక్కి జరిపించండి, చాలు. వెనకనుంచి కనిపించేది కొప్పే కదా, అటునుంచి ఇంకా మీ అత్తగారే.